పది గుండీలు, ఒక అమ్మకం

ఫిబ్రవరి 3

అక్కా,

నిన్న ఫోన్ నువ్వు పెట్టేశావో నేను పెట్టేశానో ఇంకా తేలలేదు. మీ మరదలు మాత్రం నేనే పెట్టేశానంటోంది. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు సగం విని సమాధానం చెప్తావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే రాయి. ఎవరు ఏమన్నారో రేపు వెతుక్కునే పని ఉండదు.

మా బస్సు డిపో ఉద్యోగుల ఇళ్ళ సంఘం జాబితాలో నా వంతు వచ్చింది. మూడో అంతస్తు, రెండు పడగ్గదులు, వెనకవైపు బట్టలారేసుకునే చోటు. ఇప్పుడున్న ఇంట్లో వానొస్తే మంచాన్ని గోడ దగ్గర్నుంచి జరుపుకుంటామని నీకు తెలుసు. ఇల్లివ్వాలంటే ఏడాది రాబడి ఐదు లక్షలు దాటకూడదు. టైర్ల సెక్షన్లో నా జీతం నాలుగు లక్షల చిల్లర. ఏ గొడవా ఉండదనుకుని పన్ను ఆఫీసుకు వెళ్ళి రాబడి పత్రం తెచ్చాను. అందులో జీతం కింద ఇంకో వరస ఉంది. ఆన్‌లైన్ అమ్మకాలు, ఎనిమిది లక్షల అరవై వేలు.

సంఘం గుమాస్తా కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందకి చూశాడు. "టైర్లు కాక ఇంకేమమ్ముతున్నావయ్యా?" అన్నాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు.

నేను ఆన్‌లైన్లో ఒక్క మేకు కూడా అమ్మలేదు. మనింట్లో అమ్మేది నువ్వొక్కదానివే. దీని సంగతేమిటో రాయి. నెలాఖరులోగా సరైన పత్రం ఇవ్వకపోతే ఇల్లు నా తర్వాతివాడికి పోతుంది.

నువ్వు పంపిన గుండీల కవరు అందింది. మీ మరదలి కోటుకు పదింటిలో ఒకటి సరిగ్గా సరిపోయింది, కుట్టుకుంది. మిగతావి బీరువాలో ఉన్నాయి.

తమ్ముడు


ఫిబ్రవరి 8

చిన్నా,

ఉత్తరం చేరింది. బావ చదివి, "వీడికి ఇల్లు వచ్చిందా, నోటీసు వచ్చిందా?" అన్నారు. నాకూ అదే అర్థం కాలేదు.

నువ్వు అడిగేది ఇంటి సంగతా, నా సంపాదన సంగతా? నాకు రెండోదే అనిపిస్తోంది. పోయినసారి వచ్చినప్పుడు కూడా మరదలు గుండీల డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, "ఇవన్నీ అమ్ముడుపోతాయా వదినా?" అని రెండుసార్లు అడిగింది.

ఒకటి గుర్తుచేస్తాను. నాన్న దర్జీ కొట్టు మూసేసినప్పుడు కుట్టుమిషన్లు రెండూ నువ్వు తీసుకుని అమ్ముకున్నావు. గుండీల డబ్బాలు ఎవరికీ అక్కర్లేకపోతే నేను తెచ్చుకున్నాను. "ఆ చెత్త నువ్వే పెట్టుకో అక్కా" అన్నది నువ్వే. ఇప్పుడా చెత్తకి గిరాకీ వచ్చిందని వాటా గుర్తొస్తే ఆ మాట సూటిగా రాయి. ఇల్లూ సంఘమూ మధ్యలోకి తేవద్దు.

నా దుకాణం రాబడి నేను ఏటా పన్ను ఆఫీసుకు చెప్తూనే ఉన్నాను, నా పేరుతో, నా పన్ను నంబరుతో. ఆ లెక్క వాళ్ళకి చెప్తాను, బావకి చెప్తాను. అంతకుమించి ఎవరికీ చెప్పే అలవాటు లేదు. నీ పత్రంలో ఏముందో నాకు తెలియదు. నకలు పంపితే చూస్తాను.

మిగతా తొమ్మిది గుండీలు పంపించు. వాటిలో ముత్యపుచిప్పవి రెండున్నాయి, వేరే ఒకావిడ అడుగుతోంది.

అక్క


ఫిబ్రవరి 13

అక్కా,

నకలు ఇందులో పెట్టాను. రెండో పేజీ చూడు. అమ్మిన దుకాణం పేరు "నాన్న గుండీలు" అని అచ్చయి ఉంది. ఆ పేరుతో ఇంకెవరైనా దుకాణం పెట్టుకున్నారనుకోమంటావా?

డబ్బాల్లో వాటా నాకొద్దు. నేను అడగనే లేదు. కానీ నువ్వే ఆ మాట ఎత్తావు కాబట్టి నేనూ ఒకటి ఎత్తుతాను. ఇంటికి ముందు కట్టాల్సిన సొమ్ములో కొంత సర్దుతావా అని మొన్న వానాకాలంలోనే అడిగాను. ఏడాదికి లక్షో లక్షా పాతిక వేలో మిగులుతుంది, అద్దెకీ మందులకీ సరి అన్నావు. ఎనిమిది లక్షల అరవై వేలు అమ్మినవాళ్ళకి లక్షా పాతిక వేలే ఎలా మిగులుతాయో టైర్లు మార్చేవాడికి అర్థం కాదులే. మీ మరదలికి కూడా అర్థం కాలేదు.

మా డిపోలో టికెట్ మిషన్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. పన్నుల సంగతి కాస్త తెలుసంటాడు. కొందరు తమ పేరు మీద రాబడి తక్కువ కనిపించాలని సగం అమ్మకాలు చుట్టాల నంబర్ల మీదకి తోస్తారట. "నీ నంబరు ఎవరి దగ్గరుందో చూసుకో" అన్నాడు. నువ్వలా చేశావని నేననడం లేదు. చేశావా అని అడుగుతున్నాను. అవునో కాదో ఒక్క మాట రాయి.

నాకు వ్యవధి లేదు. నీ జవాబు ఆలస్యమైతే నేను చేయాల్సింది నేను చేసుకుంటాను.

తమ్ముడు


ఫిబ్రవరి 17

చిన్నా,

కాదు. నువ్వడిగిన ఒక్క మాట అది. మిగతాది ఓపికుంటే చదువు.

నకలు చూశాక నా లెక్కల పుస్తకం తీశాను. ఆ అంకె నాదే. నేను పన్ను ఆఫీసుకు చెప్పిన అంకె కూడా సరిగ్గా అదే. అంటే ఒకే అమ్మకం రెండు చోట్ల కూర్చుంది. నా పేరు కింద నేను రాసింది, నీ పేరు కింద నేను అమ్మే సైటు వాళ్ళు పంపింది.

ఎనిమిది లక్షల అరవై వేలకి లక్షా పాతిక వేలే ఎలా మిగులుతాయని కదా నీ అనుమానం. బీరువా తెరిచి ఆ కవరు చూడు. నేను నీకు పది గుండీలు పంపాను. మరదలు ఒకటి ఉంచుకుంది. నేను నీకు ఎన్ని ఇచ్చినట్టు? ఒకటి. నా వ్యాపారమంతా ఇంతే. కోటుకో చొక్కాకో గుండీ ఊడిపోయినవాళ్ళు ఫోటో పంపుతారు. ఫోటోలో రంగు నిజం చెప్పదు. అందుకని దగ్గరగా ఉన్నవి పది పంపుతాను, వాళ్ళు పదింటికీ డబ్బు కడతారు. సరిపోయింది ఉంచుకుని తొమ్మిది వెనక్కి పంపితే తొమ్మిదింటి డబ్బు తిరిగి ఇచ్చేస్తాను. నాన్న కూడా అంతేగా, బేరానికి వచ్చినవాళ్ళ ముందు పళ్ళెంలో గుప్పెడు పోసేవాడు. ఆయన పళ్ళెంలో పోసినదాన్ని ఎవరూ అమ్మకం అనలేదు. సైటు వాళ్ళు అంటారు. కట్టిన డబ్బే వాళ్ళు చూస్తారు, తిరిగి ఇచ్చింది చూడరు. పది అని ఆఫీసుకు పంపేస్తారు.

కొందరు మూడు నాలుగు ఉంచుకుంటారు కాబట్టి ఎనిమిది అరవైలో తిరిగి ఇచ్చింది ఐదు లక్షల పైన. మిగిలినదాంట్లో పోస్టు ఖర్చే లక్షా నలభై వేలు. గుండీ కంటే దాని ప్రయాణం ఖరీదు. సైటు వాళ్ళ కమీషన్, కవర్లు, అట్టలు పోను నీకు చెప్పిన లక్షా పాతిక వేలు కూడా పూర్తిగా మిగలవు. మొదటి ఏడాది నేనూ తెలివిగా మిగిలింది మాత్రమే రాసి ఇచ్చాను. తిరగ్గొట్టారు. వచ్చిందంతా పైన రాయాలి, కింద ఒక్కొక్కటీ తీసేయాలి, తీసేసిన ప్రతిదానికీ రసీదు ఉండాలి. సైటు వాళ్ళు చెప్పినా చెప్పకపోయినా రాయాలి. అప్పట్నుంచి బావ రోజూ పోస్టు రసీదులు దారానికి గుచ్చుతున్నారు. మా వంటింట్లో గోడకి దండల్లా వేలాడుతుంటాయి.

ఇక నీ నంబరు. దుకాణం తెరిచింది నువ్వు. నేను నేల మీద డబ్బాలు ఏరుకుంటుంటే నువ్వు నా ఫోన్లో అన్నీ నింపావు. నాకప్పటికి పన్ను నంబరు రాలేదు. వచ్చాక బ్యాంకు ఖాతా నా పేరుకి మార్చాను, పన్ను నంబరు కూడా దాంతోపాటే మారిందనుకున్నాను. అది వేరే గడి, వేరే పేజీ అట. నిన్ననే చూశాను. ఐదేళ్ళుగా నీదే ఉంది. మిగతా ఏళ్ళు నువ్వెప్పుడూ పత్రం తీసుకోలేదు కాబట్టి బయటపడలేదు.

దీనికి మందు సులువే. ఇద్దరం కలిసి ఒక సవరణ పత్రం ఇస్తే వారంలో సరిచేస్తారట. ఈ ఉత్తరం చేరగానే ఏ రోజు వీలో చెప్పు, వస్తాను. అప్పటిదాకా నువ్వొక్కడివే ఆఫీసుకు వెళ్ళి ఏమీ చెప్పొద్దు.

అక్క


ఫిబ్రవరి 18

అక్కా,

నీ జవాబు రాలేదు. నేను ఎదురుచూడటం మానేశాను. నిన్న సగం సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్ళొచ్చాను. నా పని అయింది, మిగతాది వాళ్ళు చూసుకుంటామన్నారు. ఇక ఈ సంగతి మనం మాట్లాడుకోవద్దు. బావ మోకాలు నొప్పి ఎలా ఉంది? మీ మెట్లు ఎక్కడం తగ్గించమను.

మీ మరదలు కొత్త ఇంటికి కర్టెన్లు కొలుస్తోంది. కిటికీ చూడకుండా ఎలా కొలుస్తావే అంటే, కిటికీలన్నీ ఒకటేనట.

తమ్ముడు


ఫిబ్రవరి 22

చిన్నా,

బావ మోకాలు బాగానే ఉంది. నువ్వు మోకాళ్ళ గురించి అడిగితే నాకు భయమేస్తుంది. చిన్నప్పుడు కూడా ఏదైనా పగలగొట్టినప్పుడే నా తలనొప్పి గురించి అడిగేవాడివి.

నిన్న నా దుకాణం మూతపడింది. తెరవబోతే, దుకాణంలో ఉన్న పన్ను నంబరు యజమాని ఫిర్యాదు చేశారు, విచారణ అయ్యేవరకు ఖాతా నిలిపేశాం అని వచ్చింది. గుండీలు వెనక్కి వస్తూనే ఉన్నాయి, డబ్బు తిరిగి ఇవ్వడానికి వీల్లేదు. బ్యాండు మాస్టారొకాయన యూనిఫాం గుండీల కోసం పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. దొంగ దుకాణమా అని అడిగాడు.

ఆ నంబరు నీది. నువ్వు ఆఫీసుకు వెళ్ళినా ఫిర్యాదు చేసి ఉండవు, దుకాణం తెరిచిందే నువ్వు కదా. మరి మీ ఇంట్లో ఆ కాగితాలు ఎవరి చేతికి అందుతాయి? నాకు మరదలి మీదే అనుమానంగా ఉంది. తిడుతున్నానని కాదు. కర్టెన్లు కొలిచే తొందరలో ఉన్న మనిషి అని మాత్రమే అంటున్నాను. అడిగి చూడు.

అక్క


ఫిబ్రవరి 26

అక్కా,

మీ మరదల్ని ఇందులోకి లాగొద్దు. ఆవిడకి పన్ను ఆఫీసు ఏ వీధిలో ఉందో కూడా తెలియదు.

నీ పెద్ద ఉత్తరం నేను ఆఫీసుకు వెళ్ళొచ్చిన నాలుగు రోజులకి అందింది. గుండీల లెక్క అర్థమైంది. బీరువా తెరిచి చూశాను కూడా. కానీ ఇప్పుడు వేరే చిక్కొచ్చింది. విచారణలో ఉంది కాబట్టి అది తేలేదాకా నాకు కొత్త రాబడి పత్రం ఇవ్వరట. ఎల్లుండితో గడువు అయిపోతుంది.

ఒక దారి ఉంది. ఆ దుకాణం నీదని, నంబరు నువ్వే పెట్టావని ఒక కాగితం మీద రాసి సంతకం చేసి, ఈ ఉత్తరం తెచ్చిన మా డిపో కండక్టర్ చేతికే ఇచ్చి వెంటనే పంపు. తారీఖు వేయకు, నేను వేసుకుంటాను. దానివల్ల నీకేమీ కాదు, నువ్వెలాగూ పన్ను కట్టావు కదా. ఎందుకని అడగకు. తమ్ముడు అడిగాడని పంపు.

తమ్ముడు


మార్చి 2

తమ్ముడికి,

కాగితం పంపలేదు. ఎందుకో చెప్తాను.

"నంబరు నువ్వే పెట్టావని రాయి, తారీఖు వేయకు" అన్న దగ్గర రెండుసార్లు చదివాను. మర్నాడే బస్సెక్కాను. మీ వీధి చివర దిగి, మీ ఇంటి ముందు నుంచే నడిచి పన్ను ఆఫీసుకు వెళ్ళాను. మరదలు బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. పిలవలేదు.

కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది. దుకాణం నాదని చెప్పి, నా నంబరిచ్చి, ఐదేళ్ళ లెక్కలు, రసీదుల దండలు బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి ఓపిగ్గా చూసింది. మీ లెక్కలో తప్పు లేదమ్మా అంది. మరి ఫిర్యాదు ఏమిటని అడిగితే కంప్యూటర్ చూసి చదివింది. "మా అక్క నాకు చెప్పకుండా నా నంబరు వాడుకుంది. ఆ దుకాణం సంగతి నాకేమీ తెలియదు." చదివాక తలెత్తి, "సొంత తమ్ముడేనా అండీ?" అని అడిగింది. అవునన్నాను.

నా పాత ఫోన్, అద్దం పగిలింది, ఇంకా పనిచేస్తుంది. ఐదేళ్ళ కిందట దుకాణం తెరిచి మీ ఇంటికి వెళ్ళాక నువ్వు పెట్టిన మెసేజ్ అందులో ఉంది. అక్కా, నీ నంబరు వచ్చేదాకా నాదే పెట్టాను, తర్వాత మార్చుకో అని. ఆ ఫోన్ సంచీలోనే ఉంది. ఊరికే అడిగినట్టు అడిగాను, నంబరు ఆయనే ఇచ్చాడని తేలితే ఏమవుతుందని. "మీ దుకాణం ఇవాళే తెరుచుకుంటుంది. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినందుకు ఆయన్ని పిలుస్తారు" అంది. డిపోకి కూడా రాస్తారట.

ఫోన్ బయటికి తీయలేదు. ఇద్దరూ కలిసి ఇచ్చే సవరణ పత్రం ఉంది కదా, అది ఇమ్మన్నాను. నంబరు మార్చడం మర్చిపోయాం, ఇద్దరికీ తెలుసు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం అని ఉంటుంది. ఇద్దరూ కౌంటర్ ముందు నిలబడి సంతకం చేయాలి. పదో తారీఖు ఉదయం పది గంటలకి వస్తాను. నువ్వూ రా. రాకపోతే ఫోన్ ఉంది.

ఇదే పత్రం ఫిర్యాదుకి ముందు ఇచ్చి ఉంటే నెలాఖరుకి ముందే పని అయిపోయేదని ఆ అమ్మాయి అంది. నీకు చెప్పమని అనలేదు. నేనే చెప్తున్నాను.

మరదల్ని అనుమానించాను. ఆ మాట ఆవిడకి విడిగా రాశాను. నువ్వు విప్పకుండా ఇవ్వు.

అక్క


మార్చి 14

అక్కా,

ఇల్లు పోయింది. జాబితాలో నా తర్వాత ఉన్న ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చారు. నిన్న సామాను కూడా చేర్చాడు. టైర్ల సెక్షన్ నుంచే ఇద్దరు మోతకి వెళ్ళారు. నన్నూ పిలిచారు. మా వంతు మళ్ళీ కొత్త బ్లాకు కట్టినప్పుడు. ఈసారికి నా పత్రం శుభ్రంగా ఉంది, జీతం ఒక్కటే కనిపిస్తోంది. గుమాస్తా చూసి, "అమ్మడం మానేశావా?" అన్నాడు.

మొన్న కౌంటర్ దగ్గర నువ్వు ఆ అమ్మాయితోనే మాట్లాడావు. నాతో ఒక్క మాట అన్నావు, "ఇక్కడ" అని, సంతకం చోటు చూపించి. ఫిర్యాదులో నేనేం రాశానో నాకు తెలుసు. ఇల్లు చేజారిపోతుందన్న భయంతో రాశాను. అది నిజమే గాని కారణం చెప్పినంత మాత్రాన చేసింది చెరిగిపోదు. నీ సంచీలో ఫోన్ ఉందని తెలిసి సంతకంలో ఒక అక్షరం తప్పి దిద్దుకున్నాను. నువ్వు చూశావు.

మీ మరదలు ఆ రోజు నీకోసం వంట చేసి కూర్చుంది. నువ్వు సంతకం అవగానే బస్సెక్కేశావని చెప్తే నమ్మలేదు. నువ్వు విడిగా రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివింది. సాయంత్రం కోటు తీసి, కత్తెరతో ఆ గుండీ తెంపేసింది. నేను ఆపబోతే, "ఇంటి ముందు నుంచి వెళ్తూ పలకరించని మనిషి గుండీ నాకెందుకు? లెక్క తేలింది కదా, పదీ పంపించేయండి" అంది.

పదీ ఇందులో ఉన్నాయి. లెక్కపెట్టుకో.

తమ్ముడు


మార్చి 20

చిన్నా,

లెక్కపెట్టాను. పది ఉన్నాయి. ఒకదానికి దారం ముక్క అలాగే ఉంది.

దుకాణం తెరిచారు. ఆగిపోయిన డబ్బులన్నీ తిరిగి ఇచ్చేశాను. బ్యాండు మాస్టారికి గుండీలు చేరాయి, దొంగ దుకాణం కాదని ఒప్పుకున్నాడు. నంబరు గడిలో ఈసారి నా నంబరు నేనే కొట్టాను. పాస్‌వర్డ్ కూడా మార్చాను. బావకి చెప్పాను. నీకు చెప్పను, అడగకు. పాత ఫోన్ బీరువాలో ఉంది. పారేయమని బావ అంటున్నారు. ఇప్పుడప్పుడే పారేయను.

మరదలికి చెప్పు, ఆ రోజు ఇంటికి రాకపోవడం ఆవిడ మీద కోపంతో కాదు. నీ ఎదురుగా కూర్చుని అన్నం తినలేననిపించింది. ఆవిడకి నేను జవాబు చెప్పుకోవాలి కాబట్టి ఆవిడ కోసం వచ్చే నెల వస్తాను. నువ్వు డ్యూటీలో ఉండే రోజు చూసి.

తొమ్మిది గుండీలు వెనక్కి వచ్చినట్టు రాసుకున్నాను. పదోది కవర్లో పెట్టి మళ్ళీ పంపుతున్నాను, అది ఆవిడ కోటుది. సరుకులో నుంచి ఇంటివాళ్ళకి తీసి ఇచ్చినది కూడా లెక్కలో చూపించాలి. దానికి వేరే వరస ఉంది. అందులో రాశాను. అమ్మకంలో కలపలేదు.

కుట్టించు. దారం మాత్రం నువ్వే కొనుక్కో.

అక్క